"నువ్వు మైనరువి, నీకేం కాదు" అనే మాట గురించి

(పెనుకొండలో జరిగిన మన సంఘం యువజన సమావేశంలో గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను పిలిచినప్పుడు చదువు ప్రాధాన్యత మీద మాట్లాడమన్నారు. ఆ ఉపన్యాసం మీరు ఇప్పటికే యాభైసార్లు విని ఉంటారు. అందుకని సంఘం వాళ్ళను అడిగి అంశం మార్చుకున్నాను. నేను ఒక్క మాట గురించే మాట్లాడతాను. "నువ్వు మైనరువిరా, నీకేం కాదు. నేను చూసుకుంటా." ఈ మాట విన్నవాళ్ళు ఇక్కడ ఉన్నారని నాకు తెలుసు. చేతులెత్తాల్సిన పనిలేదు.

ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌కి మగపిల్లల గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఆదివారం మా హాస్టల్‌కు అన్నలు, తమ్ముళ్ళు వస్తారు. చెల్లెలికి బిస్కెట్లు, తలనూనె తెచ్చి, గేటు దగ్గర నిలబడి నవ్వుతూ మాట్లాడిపోతారు. ఏదో ఒక వారం నుంచి ఒకడు రావడం మానేస్తాడు. ఆ పిల్ల అన్నం సరిగా తినదు. అడిగితే "బెంగళూరుకు పనికి పోయినాడు మేడం" అంటుంది. రెండు నెలలకు అసలు సంగతి తెలుస్తుంది. ఆ కేసు ఖర్చుకు ఇంట్లో మేకలు అమ్మేశారని, ఈ పిల్లను ఇంటర్ మాన్పించి పెళ్ళి చేయాలనుకుంటున్నారని కూడా అప్పుడే తెలుస్తుంది. కేసు అన్న మీద ఉంటే చదువు చెల్లెలిది పోతుంది. అందుకే ఇది నా పని కూడా.

ఏ పిల్లవాడి పేరూ, ఊరూ నేను చెప్పను. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం కేసులో ఉన్న పిల్లల పేరు, ఫోటో, బడి వివరాలు బయటపెట్టడం నేరం. మన వాట్సాప్ గ్రూపుల్లో "దొంగ దొరికాడు" అని ఫోటోలు తిప్పేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మన దగ్గర గ్యాంగ్ అని ఎవరూ అనరు, బ్యాచ్ అంటారు. బ్యాచ్ మొదలయ్యేది టీ అంగడి దగ్గరో, బస్టాండు వెనకో, క్రికెట్ ఆడే బయల్లోనో. అందులో ఇరవై అయిదు, ఇరవై ఆరేళ్ళ ఒక 'అన్న' ఉంటాడు. పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లవాడికి బిర్యానీ పెట్టిస్తాడు, ఫోను రీచార్జి చేయిస్తాడు, బండి చేతికిచ్చి ఒక రౌండు కొట్టి రారా అంటాడు. అమ్మానాన్న సుగ్గికి పోయి, ఇంట్లో జేజి ఒక్కతే ఉన్న పిల్లవాడికి పేరు పెట్టి పిలిచి తిన్నావా అని అడిగేది ఆ అన్న ఒక్కడే కావచ్చు. బీఎడ్‌లో మాకు స్టాన్లీ హాల్ అనే మనోవిజ్ఞానవేత్త గురించి చెప్పారు. 1904లోనే కౌమారాన్ని ఒత్తిడి, అలజడుల దశ అన్నాడాయన. సమవయస్కుల ప్రభావం మీద పది మార్కుల ప్రశ్న కూడా రాశాం. నేను చూసినంతలో మన పిల్లల్ని లాక్కుపోయేది సమవయస్కులు తక్కువ. పదేళ్ళు పెద్దవాళ్ళే ఎక్కువ.

మొదట చెప్పే పనులన్నీ చిన్నవే. నంబరు ప్లేటు లేని బండిని ఇక్కడి నుంచి గౌరీబిదనూరు దాకా తోలుకురా. ధర్మవరం జంక్షన్లో ఒకడు బ్యాగు ఇస్తాడు, హిందూపురం స్టేషన్లో దిగి ఇంకొకడికి ఇవ్వు, తెరవొద్దు. మేం లోపలికి పోతాం, నువ్వు సందు మొగదల నిలబడు. ఆ కాలేజీ వాడు మనోణ్ణి ఏదో అన్నాడంట, నువ్వు ముందు చెయ్యి వెయ్యి. పిల్లవాడు కొంచెం జంకితే అప్పుడు వస్తుంది ఆ మాట. నువ్వు మైనరువి, నీకేం కాదు.

అన్నకు చట్టం కొంత తెలుసు. ఆ మాటలో సగం నిజం ఉంది కాబట్టే పిల్లలు నమ్ముతారు. నిజమైన సగాన్నే ముందు చెబుతాను. అది మీ హక్కు.

2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండని వాళ్ళెవరినీ పోలీసు లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. సంకెళ్ళు వేయకూడదు. ప్రతి స్టేషన్లో పిల్లల వ్యవహారం చూసే బాలల సంక్షేమ పోలీసు అధికారి ఒకరు ఉండాలి, ఆ అధికారి మామూలు బట్టల్లోనే మాట్లాడాలి. అమ్మానాన్నలకు వెంటనే కబురు చేయాలి. ప్రయాణానికి పట్టే సమయం కాకుండా ఇరవై నాలుగు గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. ఆ బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరైనా స్త్రీ అయి ఉండాలి. నేరం ఏదైనా బెయిలు ఇవ్వడమే మామూలు పద్ధతి. బోర్డు మందలించి ఇంటికి పంపవచ్చు, కౌన్సెలింగుకు పంపవచ్చు, సమాజ సేవ చేయమనవచ్చు, ప్రొబేషన్ మీద వదలవచ్చు. మరీ అవసరమైతే ప్రత్యేక గృహానికి పంపుతుంది, అదీ మూడేళ్ళకు మించకుండా. ఆ కేసు వల్ల తర్వాత చదువుకో, ఉద్యోగానికో అనర్హత రాకూడదని 24వ సెక్షన్ చెబుతోంది. చిన్నప్పటి కేసును అడ్డం పెట్టి ఉద్యోగం నిరాకరించడం కుదరదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. చిన్న వయసులో చేసిన పని మనిషి బతుకంతా మెడకు వేలాడకూడదన్నది ఈ చట్టం ఉద్దేశం. నాకు ఈ చట్టం మీద గౌరవం ఉంది. పిల్లలకు మెత్తటి చట్టం ఎందుకని కోప్పడే పెద్దలు మన సంఘంలోనూ ఉన్నారు. వాళ్ళు ఒకసారి బోర్డు దగ్గర బెంచీ మీద కూర్చుని, అక్కడికొచ్చే పిల్లల మొహాలు చూడాలి.

ఇక అన్న దాచిపెట్టే సగానికి వద్దాం.

పిల్లవాడు ఒంటరిగా చేసిన చిన్న నేరానికి మామూలుగా ఎఫ్ఐఆర్ కట్టరు. స్టేషన్ డైరీలో రాసుకుని, కుటుంబ పరిస్థితి మీద నివేదికతో బోర్డుకు పంపుతారు. 2016లో కేంద్రం తెచ్చిన నమూనా నియమాలు చెప్పేది ఇదే. ఎఫ్ఐఆర్ కట్టేది రెండు సందర్భాల్లో. నేరం ఘోరమైనదైనప్పుడు ఒకటి, పెద్దవాళ్ళతో కలిసి చేశాడన్నప్పుడు రెండోది. అంటే నీ పక్కన అన్న ఉన్నాడు కాబట్టే నీ పేరు ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కుతోంది. కాపాడతానన్న మనిషి పక్కన ఉండటమే నీకు చేటు.

రెండో సంగతి పదహారేళ్ళు నిండినవాళ్ళకు. చట్టంలో కనీస శిక్ష ఏడేళ్ళు, ఆ పైన ఉన్న నేరాలను ఘోర నేరాలంటారు. ఢిల్లీలో 2012 డిసెంబరులో జరిగిన ఘటన తర్వాత పార్లమెంటు చట్టాన్ని మార్చింది. పదహారు, పద్దెనిమిదేళ్ళ మధ్య వయసున్నవాడు ఘోర నేరం చేశాడంటే బోర్డు వాడి మానసిక స్థితిని పరిశీలించి, పెద్దవాళ్ళలాగే విచారించడానికి బాలల కోర్టుకు పంపవచ్చు. ఘోర నేరం అంటే హత్య ఒక్కటే అనుకోవద్దు. దోపిడీలో మారణాయుధం వాడితే కనీసం ఏడేళ్ళు. ఉత్త చేతులతో లాక్కోవడానికి, కత్తి చూపించి లాక్కోవడానికి తేడా అంత. గంజాయి ఇరవై కిలోలు దాటితే కనీసం పదేళ్ళు. "తెరవొద్దు" అని చెప్పిన బ్యాగులో ఎన్ని కిలోలున్నాయో ఆ పిల్లవాడికి తెలియదు, అన్నకు తెలుసు. ఇంకొకటి, ఇది బ్యాచ్‌తో సంబంధం లేనిది, అయినా ఇక్కడ చెప్పి తీరాలి. ఇంటర్ చదివే అబ్బాయి, టెన్త్ చదివే అమ్మాయి ఇష్టపడి వెళ్ళిపోయినా పోక్సో కేసు పడుతుంది. అందులోనూ కనీస శిక్ష పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు. ఇద్దరికీ ఇష్టమే అన్న మాట అక్కడ అక్కరకు రాదు.

మూడో సంగతి పుట్టినరోజు. పద్దెనిమిదో పుట్టినరోజుకు బ్యాచ్ వాళ్ళు నడిరోడ్డు మీద పెద్ద కత్తితో కేకు కోయిస్తారు, రీలు తీస్తారు. ఆ రీలే రేపు సాక్ష్యం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 112వ సెక్షన్ ఉంది. ముఠాగా చేరి దొంగతనాలు, గొలుసులు లాక్కోవడం వంటివి చేస్తే ఏడాది నుంచి ఏడేళ్ళ దాకా శిక్ష. పుట్టినరోజు మరునాటి నుంచి నువ్వు ఆ లెక్కలోకి వస్తావు. అప్పటికి నీతో అన్నకు పని తక్కువైపోతుంది. ఇంకో పదిహేనేళ్ళవాడికి బిర్యానీ పెట్టించడం మొదలుపెడతాడు.

ఇంకా ఉంది. పిల్లల్ని నేరాలకు వాడుకునే పెద్దవాళ్ళకు, ముఠాలకు అదే బాలల న్యాయ చట్టం 83వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా కఠిన శిక్ష, అయిదు లక్షల జరిమానా ఉన్నాయి. పిల్లలతో మత్తుమందులు మోయిస్తే 78వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా శిక్ష వేరే. నువ్వు బోర్డు ముందు జరిగింది జరిగినట్టు చెబితే అన్న మీద ఇంకో కేసు పడుతుందన్నమాట. "లాయర్ను నేను పెడతా, నువ్వు నోరు తెరవకు" అని అన్న ఎందుకంటాడో ఆలోచించండి. ఆయన డబ్బులిచ్చే లాయరు ఎవర్ని కాపాడతాడు? ఎస్టీలకు, ఆడవాళ్ళకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టమే చెబుతోంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు చోట్లా కోర్టులున్నాయి, న్యాయ సేవల విభాగం అక్కడే ఉంటుంది. 15100కు ఫోను చేసినా చెబుతారు.

ఇంత చెప్పాక బాధితుల మాట ఎత్తకపోతే తప్పవుతుంది. మనవాళ్ళు తోలుకుపోయిన బండి ఏ ధనవంతుడిదో అయి ఉండదు. తుమకుంట ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోయే కూలీది అవుతుంది, కంతులు ఇంకా కడుతూ ఉంటాడు. లాక్కున్న ఫోను పట్టు చీరల షాపులో పనిచేసే అమ్మాయిది. చట్టం పిల్లవాణ్ణి క్షమించవచ్చు. ఆ కంతులు మాత్రం ఆయన కడుతూనే ఉండాలి.

ఇప్పుడు మన జాతుల సంగతి. బ్యాచ్‌లో అన్ని కులాల పిల్లలూ ఉంటారు. దొరికినప్పుడు ముందు బయటికొచ్చే పేరు మాత్రం మనవాడిదే. ఊళ్ళో దొంగతనం జరిగితే మొదట మన కాలనీ వైపు చూసే అలవాటు ఇంకా పోలేదు. దానికి వెనక చరిత్ర ఉంది. బ్రిటిష్‌వాళ్ళు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. మన అనంతపురం జిల్లా అప్పుడు అందులోనే ఉండేది. ఎరుకులవాళ్ళను, ఇంకా ఎన్నో సంచార జాతులను పుట్టుకతోనే నేరస్థులని రిజిస్టర్లలో రాశారు. వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించారు, చెప్పకుండా ఊరు దాటితే అదే నేరమన్నారు. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టారు.

ఆ చట్టంలో పిల్లల గురించి కూడా ఒక సెక్షన్ ఉంది. ఆరేళ్ళు దాటి పద్దెనిమిదేళ్ళ లోపున్న పిల్లల్ని అమ్మానాన్నల నుంచి విడదీసి సంస్కరణ బడుల్లో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు. ఆ పిల్లవాడు ఏమీ చేసి ఉండనక్కరలేదు, ఆ ఇంట్లో పుట్టి ఉంటే చాలు. అప్పుడూ పద్దెనిమిదే, ఇప్పుడూ పద్దెనిమిదే. ఆనాడు ఆ అంకె మన పిల్లల్ని పట్టుకుపోవడానికి పనికొచ్చింది. ఈనాడు వాళ్ళకు అడ్డుగా నిలబడుతోంది. 1952 ఆగస్టు 31న ఆ పాత చట్టం రద్దయింది. మొన్న 2024 అక్టోబరు 3న జైళ్ళలో కుల వివక్ష మీద తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు, విముక్త జాతుల వాళ్ళను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులను ఆదేశించింది. డెబ్బై రెండేళ్ళ తర్వాత కూడా కోర్టు ఆ మాట చెప్పాల్సి వచ్చింది.

2023లో 'టైగర్ నాగేశ్వరరావు' సినిమా వచ్చినప్పుడు మన కుర్రాళ్ళు ఆ డైలాగులు స్టేటస్‌లు పెట్టుకున్నారు. ఊరి పేరు చెడగొడుతోందని ఆ సినిమా మీద హైకోర్టులో పిటిషన్ పడిందన్న సంగతి చాలామందికి తెలియదు. దొంగగా పేరు పడ్డ ఊళ్ళో బతికేవాళ్ళకు ఆ పేరు ఏమిటో తెలుసు. 1970లలో జాషువాగారి కూతురు హేమలతా లవణం, ఆమె భర్త లవణం అక్కడి కుటుంబాల మధ్య ఏళ్ళ తరబడి పనిచేశారు. అదే స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట్ రాహుల్ 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల వెయిట్‌లిఫ్టింగ్‌లో బంగారు పతకం తెచ్చాడు. ఆ వీడియో స్టేటస్ పెట్టుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఇది ఎత్తిపొడుపే, కోపం తెచ్చుకోకండి.

చెల్లెళ్ళూ, మీకూ రెండు మాటలు. బ్యాచ్‌లు ఇప్పుడు మీ దగ్గరికి వేరే దారిలో వస్తున్నాయి. "నీ బ్యాంకు అకౌంటు ఒక్క నెల ఇవ్వు, ఏటీఎం కార్డు, సిమ్ము ఇవ్వు, మూడు వేలిస్తాం." స్కాలర్‌షిప్పు కోసం తెరిచిన అకౌంటు అది. ఎక్కడో ఎవరినో మోసం చేసిన డబ్బు మీ అకౌంటు మీదుగా పోతుంది. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది అకౌంటు ఎవరి పేరున ఉంటే వాళ్ళ దగ్గరికి. అన్నో, తమ్ముడో అడిగినా ఇవ్వకండి. ఇంట్లో గొడవైతే మా మీద పెట్టండి, వార్డెన్ తీసుకుని బీరువాలో పెట్టేసిందని చెప్పండి.

పొరపాటున ఏదైనా జరిగి స్టేషనుకు తీసుకుపోతే ఏం చేయాలి? ముందు వయసు చెప్పాలి. భయపడో, పెద్దవాణ్ణని చూపించుకోవడానికో పంతొమ్మిది అని చెప్పే పిల్లలున్నారు. రెండు, తెల్ల కాగితం మీద సంతకం చేయొద్దు. మూడు, ఎవరో ఒకరు మన మనిషి అక్కడికి చేరాలి. 1098కి ఫోను చేయవచ్చు. బెయిలు మామూలే అన్నాను కదా, అయితే బయటికొస్తే మళ్ళీ ఆ నేరగాళ్ళ చేతిలోనే పడతాడని అనిపిస్తే బోర్డు బెయిలు ఇవ్వకపోవచ్చు. వీణ్ణి నేను చూసుకుంటాను అని చెప్పే మనిషి కనబడాలి వాళ్ళకు. అమ్మానాన్న కేరళలోనో, గుంటూరు మిరప చేలల్లోనో ఉంటారు. జేజికి బస్సు నంబరు చదవడం రాదు. కేసు సరిహద్దు అవతల కర్ణాటకలో పడిందంటే ఇంకా కష్టం. సంఘం పెద్దలకు ఇక్కడే నా విన్నపం. ప్రతి తండాకు, ప్రతి కాలనీకి ఒక మగ మనిషి, ఒక ఆడ మనిషి పేర్లు రాసి పెట్టండి. ఫోను రాగానే ఆ రాత్రే బయలుదేరేవాళ్ళు కావాలి. నాయక్, కారోబారి కూర్చుని చిన్న తగువులు తీర్చడం మంచిదే, నేను కాదనను. ఆడపిల్లల మీద జరిగినవాటిని మాత్రం అక్కడ జరిమానాతో సరిపెట్టకండి.

బెయిలు వచ్చాక వాయిదాలకు పోవాలి. కేసు అయిపోయిందనుకుని బెంగళూరు పోయినవాళ్ళ కేసులే ఏళ్ళు సాగుతాయి. మామూలుగా విచారణ నాలుగు నెలల్లో ముగియాలి, ఇంకో రెండు నెలలు పొడిగించవచ్చు. తిరిగి వచ్చిన పిల్లవాణ్ణి బడిలో చేర్చుకోవడానికి జంకే చోట్లు నేను చూశాను. అప్పుడు సంఘం తరఫున నలుగురు వెళ్ళి నిలబడితే పని అవుతుంది. ఆ కుర్రాడికి కియా చుట్టుపక్కల కంపెనీల్లో పని దొరకాలన్నా ఐటీఐ సర్టిఫికెట్ ఉండాలి కదా.

ఆఖరుగా అన్నిటికీ మూలమైన చిన్న కాగితం సంగతి. మైనరని చెబితే సరిపోదు, రుజువు కావాలి. 94వ సెక్షన్ ప్రకారం ముందు చూసేది బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ గానీ టెన్త్ సర్టిఫికెట్ గానీ. అది లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ ఇచ్చే జనన ధ్రువపత్రం. రెండూ లేకపోతేనే వైద్య పరీక్ష. ఆ వరుసలో ఆధార్ లేదు. మన తండాల్లో సగం మంది జూన్ నెలలోనే పుట్టారు, ఎందుకంటే బడిలో చేర్చిన రోజే అయ్యవారు తోచిన తేదీ వేశారు. బడి మానేసినవాళ్ళకు అదీ లేదు. బెంగళూరు పనికి తీసుకుపోయే ఏజెంటు ఆధార్‌లో రెండేళ్ళు పెంచి రాయించిన పిల్లల్ని కూడా నేను చూశాను. రేపు అవసరం వచ్చినప్పుడు ఆ రెండేళ్ళే వాణ్ణి లాకప్‌లోకి తోస్తాయి.

భోజనాల తర్వాత నేను ఆ వేపచెట్టు కింద బల్ల వేసుకుని కూర్చుంటాను. స్టడీ సర్టిఫికెట్ లేనివాళ్ళు, చదివిన బడి పేరు, చేరిన సంవత్సరం గుర్తున్నంత వరకు చెప్పండి, అర్జీ రాసిస్తాను. జనన నమోదే కానివాళ్ళకు పెనుకొండ గానీ ధర్మవరం గానీ రెవెన్యూ డివిజన్ ఆఫీసులో ఏం పెట్టాలో చెబుతాను. తమ్ముడి కోసం అక్క వచ్చినా సరే. పెన్నులు రెండే ఉన్నాయి, మీ దగ్గరుంటే తెచ్చుకోండి.